ఒక స్కర్టు, రెండు పొడవులు

మా బడికి యూనిఫాం మూడు సైజుల్లో వచ్చేది: చిన్నది, నడిమిది, పెద్దది. పిల్లలు మాత్రం ముప్పై నాలుగు సైజుల్లో వచ్చేవారు. ఈ లెక్క ఎక్కడ కుదరాలి? జెండా పండుగ నాటికి సగం మంది పిల్లలు చొక్కాల్లో మునిగిపోయి ఉండేవారు, మిగతా సగం మంది చొక్కాల్లోంచి బయటపడి ఉండేవారు. నిక్కర్లు జారకుండా మొలతాడే దిక్కు. ఎవరినడిగినా ఒకటే జవాబు, "పెరిగే పిల్లలు గదా మేడం!" అంటే బట్టలను చూసుకుని పిల్లలు పెరగాలన్నమాట. పెరగకపోతే తప్పు పిల్లలదే.

అది చౌటుప్పల్ నుంచి లోపలికి పోయే ఊరు. సగం నేత ఇళ్లు. మిగతా సగం కూలికీ, మందుల కంపెనీలకూ పోయేవాళ్లవి. ఫీజు కట్టగలిగినవాళ్ల పిల్లలను పొద్దున్నే పసుపు పచ్చ బస్సు ఎక్కించుకుపోయేది. మిగిలినవాళ్లు మాకు. నేనూ నేత ఇంట్లోనే పుట్టాను. నల్లగొండలో డిగ్రీ చదివి, టీచరు ఉద్యోగం తెచ్చుకుని, తెలంగాణ వచ్చిన కొత్తలో ఆ బడికి బదిలీ మీద వచ్చాను. ఇద్దరమే టీచర్లం. నాలుగూ ఐదూ తరగతులు నావి, ఆ ముప్పై నలుగురూ వాటిలోవాళ్లే. మిగతా మూడు తరగతులూ, బడి కాగితాలూ పెద్దసారువి. ఆయనకు పిల్లల కంటే కాగితాలంటేనే భయం ఎక్కువ.

నేను రోజూ బస్సు దిగే చోటే ఊళ్లో బట్టలు కుట్టే ఆవిడ ఇల్లు. నా ఈడుదే. తను నన్ను వదినె అనేది, నేనూ ఆమెను వదినె అనేదాన్ని. ఏ చుట్టరికమూ లేదు. మొదటి వారం వాన పడితే ఆమె అరుగు మీద నిలబడ్డాను. చాయ్ పోసింది. అప్పటి నుంచి పొద్దున బస్సు దిగంగానే ఒక చాయ్, సాయంత్రం బస్సు వచ్చేదాకా ఇంకో చాయ్. ఐదేళ్లలో నేను ఆమెకు చెప్పని మాట లేదు. నా ఆపరేషన్ సంగతి, మా ఆయనతో మూడు నెలలు మాట్లాడని సంగతి, అన్నీ. నా నోటికి జడిసి చాలామంది నాతో పొడిపొడిగా మాట్లాడతారు. ఆమె జడిసేది కాదు. "నీ నోరు కత్తెర వదినె, గని పట్టు నా తాన ఉన్నది" అనేది.

యూనిఫాం కుట్టేది కూడా ఆమే. బట్ట పైనుంచి వస్తుంది. మహిళా సంఘం వాళ్లు కుడతారు. ఊళ్లో సంఘానికి కుట్టు పని తెలిసిన మనిషి ఆమె ఒక్కతే.

ఆ ఏడు ఎండాకాలం సెలవులు ముగిసిన వారానికి, చాయ్ తాగుతూ నేనే అడిగాను.

"వదినె, ఈసారి పిల్లల కొలతలు నేను తీసి ఇస్త. గా కొలతకే కుట్టు. కాదంటవా?"

"ముప్పై నలుగురివా?"

"ముప్పై నలుగురివే. పిల్లలే తీస్తరు. నాకు పాఠం అయితది, నీకు పని అయితది."

ఆమె మిషను మీద నుంచి తల ఎత్తకుండా దారం తెంపింది. "ఇయ్యి మరి. కొలతకు కుట్టనీకి నాకేం నొప్పి?" అంది.

ఆ మాట చాలనుకున్నాను. అంతకుమించి అడగాలని నాకు తోచలేదు.

నాలుగో తరగతిలో పొడవు కొలిచే పాఠం ఉంటుంది. పుస్తకంలో పెన్సిలు బొమ్మ, దాని కింద స్కేలు బొమ్మ. బొమ్మను బొమ్మతో కొలిచి ఏడు అని రాయాలి. ఏడు ఏమిటి, ఏడు ఎందుకు అని అడిగే పిల్ల ఉండదు. నేను పుస్తకం మూసేసి, నల్లబల్ల పొడవెంతో చేతులతో చెప్పమన్నాను. ఆ ఊరి పిల్లలకు జాన, మూర, బెత్తెడు పుట్టుకతో వస్తాయి. మగ్గానికి పడుగు పోసే ఇళ్లలో పెరిగినవాళ్లు. ఒకడు ఐదు మూరలన్నాడు. ఇంకొకతె ఆరు అంది. ఇద్దరూ కొట్టుకునేదాకా వచ్చారు.

"టీచర్, వాడు మూర సాగదీస్తున్నడు!"

"నువ్వే ముడుసుకుంటున్నవు!"

"మా తాత మూర అయితే నాలుగే వస్తది. మా తాతను పిలుసుకరావాల్నా టీచర్?"

"మీ తాత మూరతోటి మేమెందుకు కొలవాలె? మా అవ్వను తెస్త నేను!"

నాకు కావలసింది అదే. అందరి చేతులూ ఒక్కటి కావు, కాబట్టి ఎవరి చెయ్యీ కాని కొలత ఒకటి కావాలి అని ఆ రోజు వాళ్లే తేల్చారు. నేను చెప్పలేదు. అరుచుకుని అరుచుకుని వాళ్లే అక్కడికి వచ్చారు. ఇలాంటి రోజులు ఏడాదికి రెండో మూడో వస్తాయి టీచరు బతుకులో.

మర్నాడు పాత క్యాలెండర్లు తెచ్చాను. వెనక తెల్లగా ఉండే మందపు కాగితం. రెండు వేళ్ల వెడల్పు పట్టీలు కోసి, పది సెంటీమీటర్లకొక ముక్క, ఒకటి ఎర్రది ఒకటి తెల్లది, పది ముక్కలు మైదాతో అంటించి, స్కేలు పెట్టి సెంటీమీటరు గీతలు గీసి, ప్రతి పిల్లా తన మీటరు తానే చేసుకుంది. అవి ఆరేదాకా వరండాలో రాళ్లు పెట్టి పరిచాం. ఒక మేక వచ్చి రెండు మీటర్లు తినేసింది.

తర్వాత తగువు సున్నా దగ్గర. సగం మంది ఒకటి దగ్గర మొదలుపెట్టి కొలుస్తారు. లెక్క ఒకటితోనే కదా మొదలవుతుంది! ఒకటి అంటే ఒకటి నడిచిపోయిన తర్వాత వచ్చే గుర్తు అని చెప్పడానికి మూడు రోజులు పట్టింది. చివరికి వరండా మొదట్లో ఒక పిల్లను నిలబెట్టి, "నువ్వు ఇంకా ఒక్క అడుగు కూడా వెయ్యలే, ఎంత దూరం పోయినవు?" అంటే "ఏం పోలే" అంది. "గదే సున్నా!" అని వెనక నుంచి నలుగురు అరిచారు. అప్పటి నుంచి ఎవరు కొలిచినా పక్కవాళ్లు "సున్నా వట్టినవా?" అని కాపలా కాసేవారు. బల్లలు, తలుపులు, మధ్యాహ్నం వంట చేసే అమ్మ గరిటె, పెద్దసారు బండి, అన్నీ కొలిచారు. ఎవరు ఏది కొలిచినా మూడుసార్లు కొలవాలి. మూడూ ఒకటే రావాలి. రాకపోతే మళ్లీ కొలవాలి.

ఇక పిల్లల కొలతలు. "ఈసారి మీ బట్టలు మీ కొలతకే వస్తయి" అని నేనే అన్నాను. నా నోటితో నేనే. గది మొత్తం గోలగోల అయింది. ఒక్క పిల్ల మాత్రం పట్టీ చుట్ట చుట్టి సంచిలో పెట్టుకుంది.

నాలుగో తరగతి పిల్ల. పుట్టుకతో కుడి కాలు కొంచెం పొట్టి. నడిస్తే ఒక పక్కకు ఒరిగేది, కానీ పరిగెత్తితే ఆమెను పట్టుకునేవాడు లేడు. నోరు నా నోటికి తక్కువ కాదు. అందుకే నాకు ఇష్టం. ఒరగడం వల్ల ఏ స్కర్టు వేసినా కుడి అంచు కిందికి దిగేది. ఆ అంచు పైకి మడిచి పిన్నీసు పెట్టుకునేది. రోజుకు ఒకసారైనా పిన్నీసు ఊడి గుచ్చుకునేది. ఏడ్చేది కాదు, పిన్నీసును తిట్టేది.

"నువ్వెందుకు కొలిపిచ్చుకోవు?" అని అడిగాను.

"నాకొద్దు టీచర్."

"ఎందుకొద్దు?"

"అందరియి ఒక్కొక్క నంబరు వస్తయి. నాకు రెండొస్తయి."

"రెండొస్తే రెండు రాస్తం. నీ స్కర్టు రెండు పొడవులతోటి కుట్టిస్త. పిన్నీసు పని ఉండదు."

నా ముఖంలోకి చూసింది. "నిజంగనా, పాఠం కోసం అంటున్నరా?"

తొమ్మిదేళ్ల పిల్ల. ఆ ప్రశ్న నాకు ఆనాడు ముద్దుగా అనిపించింది. "నేను ఎప్పుడన్న అబద్ధం చెప్పిన్నా?" అన్నాను.

మర్నాడు ఆమె అవ్వ వచ్చింది. ఆ పిల్లకు తల్లీ తండ్రీ ఉన్నారు కానీ వాళ్లు కంపెనీ పనికి పొద్దున పోతే చీకటి పడ్డాక వచ్చేవారు. పెంచేది అవ్వే. అంతకు ముందు రోజే ఇంకో ముగ్గురు తల్లులు వచ్చి, "కొలతకు బెత్తెడు కలిపి రాయిండ్రి మేడం, ఏడాదంతా తొడగాలె" అని నాతో తగువు పెట్టుకుని పోయారు. కొలత అంటే కొలతే, కలుపుడు కుట్టేవాళ్ల పని, లోపల మడత పెడతారు అని వాళ్లను పంపించేసరికి నా గొంతు పోయింది. ఈమె కూడా అందుకే వచ్చిందనుకుని ముందే నోరు తెరిచాను.

"బెత్తెడు కలుపను అవ్వా."

"బెత్తెడు సంగతి గాదు బిడ్డ." ఆమె మెట్టు మీద కూర్చుంది. "దాని కాలు సంగతి ఊరందరికి ఎరికే. గని ఎవరు ఇప్పటిదాంక కొలవలే. దవాఖానల గూడ కొలవలే, చూసి పంపిండ్రు. నువ్వు పిల్లలందరి ముందట కొలుస్తనంటున్నవట."

"కొలుస్తే తప్పేముంది అవ్వా?"

"కొలుసుడు తప్పని నేనంటలే. కొలిసినంక కుట్టాలె. కుట్టకపోతే, గా నంబరు ఒక్కటే మిగుల్తది దానికి. పిల్లలు గా నంబరు వెట్టి పిలుస్తరు. ఎరికేనా నీకు?"

"కుట్టిస్త అవ్వా. నాది పూచీ."

"నీదేనా? కుట్టేది నువ్వు గాదు గదా."

"కుట్టే మనిషి నా మనిషే" అన్నాను. అంత ధీమాగా అన్నాను.

ఆ ధీమాతోనే మా టైలరు వదినెను బడికి పిలిచాను. కొలత ఎలా తీయాలో చేతిపని మనిషి చెబితే పిల్లలకు పట్టు దొరుకుతుందని. ఆమె రెండు మూడు సార్లు వాయిదా వేసింది. జ్వరమని ఒకసారి, ఇంట్లో చుట్టాలని ఒకసారి, పెండ్లి జాకెట్లని ఒకసారి. నేను వదల్లేదు. చివరికి ఒక బుధవారం గంజి పెట్టిన నేత చీర కట్టుకుని వచ్చింది. మెడలో టేపు. పిల్లలంతా లేచి నిలబడి దండం పెట్టారు. గది ముందు కుర్చీ వేశాను. ఆమె కూర్చోలేదు చాలాసేపు. కుర్చీ వెనక భాగం పట్టుకుని నిలబడింది.

నిలబడింది కానీ, మొదలుపెట్టాక ఆపలేకపోయాం. టేపుకు ఒక వైపు ఇంచులు, ఒక వైపు సెంటీమీటర్లు ఎందుకో చెప్పింది. ఛాతీ కొలిచేటప్పుడు టేపు లోపల రెండు వేళ్లు ఎందుకు పెట్టాలో చెప్పింది. "ఊపిరి బిగవడితే అంగి నీకు గాదు, నీ బిగువుకు కుడత, తిన్నంక గుండీలు తెగుతయి" అంటే గదంతా నవ్వింది. భుజం ఎముక ఎక్కడ మొదలవుతుందో ఒకడి భుజం మీద చాక్‌పీసుతో గుర్తు పెట్టి చూపించింది. బీఈడీలో నాకు పాఠం చెప్పిన ఏ సారూ అంత శుభ్రంగా చెప్పలేదు.

ఆ పిల్ల వంతు వచ్చింది. తనే లేచి వచ్చింది. నడుము నుంచి నేల దాకా, రెండు పక్కలా. ఇద్దరు ఆడపిల్లలు ఇరుపక్కలా మోకాళ్ల మీద కూర్చున్నారు. ఎడమ పక్క డెబ్బై ఒకటి. కుడి పక్క అరవై ఏడు.

"సున్నా వట్టినవా?" అని వెనక నుంచి ఒకడు.

"వట్టిన. మల్ల కొలుస్త." మళ్లీ డెబ్బై ఒకటి, అరవై ఏడు. మూడోసారీ అంతే.

ఎవరూ నవ్వలేదు. మూడుసార్లు ఒకటే వస్తే అది కొలత. కొలతను చూసి నవ్వే పనేముంది? ఆ గదిలో ఆ ఒక్క నిమిషానికి నేను ఎంత గర్వపడ్డానో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

"నాలుగు సెంటీమీటర్లు తేడా" అని ఆ పిల్లే తీసివేసి చెప్పింది. తర్వాత టైలరు వదినె వైపు తిరిగి, "మీ టేపుల ఎంత?" అని అడిగింది.

"ఇంచున్నర."

"కుడతరా గట్ల?"

టైలరు వదినె టేపును వేలికి చుట్టుకుంటూ, "కుడత బిడ్డ" అంది.

నేను వినలేదా? విన్నాను. ముప్పై నలుగురు పిల్లలూ విన్నారు.

పెద్ద కాగితం మీద గళ్లు గీసి పేర్లూ కొలతలూ పిల్లలే రాశారు. ఒకటి గోడకు అంటించాం, ఒకటి ఆమెకు ఇచ్చాను. ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి బొడ్లో దోపుకుంది.

నెల తర్వాత బట్టలు వచ్చాయి. ఆమె తేలేదు. సంఘం లీడరు కొడుకు ఆటోలో వేసుకొచ్చి వరండాలో దించిపోయాడు. మూటలు మూడు. మూటల మీద మార్కరుతో రాసి ఉంది: చిన్న, నడిమి, పెద్ద.

అప్పుడైనా నేను పిల్లలను ఆపాల్సింది. ఆపలేదు. లోపల విడివిడిగా పేర్లు రాసి ఉంటాయేమో అనుకుంటూ మూటలు విప్పనిచ్చాను. పెద్దసారు రిజిస్టరు పట్టుకొచ్చి, "సంతకాలు వెట్టుండ్రి, ఫోటో దిగాలె" అంటూ తొందరపెట్టాడు. పిల్లలు తొడుక్కున్నారు. అదే కథ. మునిగినవాళ్లు మునిగారు, బయటపడ్డవాళ్లు బయటపడ్డారు.

నేను ఊహించనిది తర్వాత జరిగింది. ఎవరూ ఏడవలేదు, గోల చేయలేదు. ఒక్కొక్కరూ తమ కాగితం మీటరు తీసి, విప్పిన చొక్కాలను బల్లల మీద పరిచి కొలవడం మొదలుపెట్టారు. గోడ మీది కాగితం చూసుకోవడం, కొలవడం, మళ్లీ చూసుకోవడం.

"టీచర్, నా భుజం ముప్పై ఒకటి రాసినం. గీ అంగిది ముప్పై ఎనిమిది ఉన్నది. నేను తప్పు కొలిసిన్నా?"

"మేం సున్నా వట్టలేదేమో టీచర్."

"నా పట్టి మైదాతోటి అంటిచ్చినం గదా, ఆరినంక గుంజుకపోయిందేమో!"

వాళ్ల కొలతలను వాళ్లే అనుమానించారు. ఒకరి భుజాన్ని ఇంకొకరు మళ్లీ కొలుచుకున్నారు, మూడేసి సార్లు. ముప్పై ఒకటి, ముప్పై ఒకటి, ముప్పై ఒకటి. పెద్దవాళ్లు తప్పు చేసి ఉంటారన్న ఆలోచన వాళ్లకు ఆఖరున గానీ రాలేదు. వచ్చాక అందరూ నా వైపు చూశారు.

ఆ పిల్ల కొలవలేదు. స్కర్టు తొడుక్కుంది. నడిమి సైజు. రెండు పక్కలా ఒకటే పొడవు. కుడి అంచు కాలి మడమ దాకా దిగింది. వంగి, ఆ అంచు పైకి మడిచి, సంచిలోంచి పిన్నీసు తీసి పెట్టుకుంది. పిన్నీసు సంచిలోనే ఉంది. ఆమె నాకంటే తెలివైంది.

పక్క బెంచీ పిల్లవాడు ఒకడు, పాపం చెడ్డవాడు కాదు, చూసింది చూసినట్టు అన్నాడు: "డెబ్బై ఒకటీ, అరవై ఏడూ, ఇద్దరికి ఒకటే లంగ ఇచ్చిండ్రు!"

ఈసారి నవ్వారు.

బడి ముగిసేదాకా ఆగలేదు నేను. మధ్యాహ్నమే టైలరు వదినె ఇంటికి పోయాను. ఆమె మిషను మీద ఉంది. నన్ను చూసి కాలు ఆపింది.

"కూసో వదినె, చాయ్ వెడత."

"చాయ్ వద్దు. నా కాగితం ఏది?"

మిషను మీది బట్ట సర్దింది.

"పిల్లలు రాసిచ్చిన కాగితం వదినె. ఏది?"

"ఉన్నది. యాడికి పోతది."

"చూసినవా ఒక్కసారన్న?"

"చూసి ఏం జేయాలె? బట్ట ముక్కలు కోసే వచ్చినయి. మండలంల కోసిండ్రు, కట్టలకు కట్టలు ఒక్కసారే, మూడు సైజులు. కుట్టుడే మాది."

"ఎప్పుడు వచ్చినయి?"

ఆమె దారం కండె తీసి చూసి మళ్లీ పెట్టింది.

"ఎప్పుడు వచ్చినయి వదినె?"

"నువ్వు బడికి పిలువకముందే."

ముందు నాకు అర్థం కాలేదు. "ఏ బడికి? నువ్వు వచ్చిన గా బుధవారానికి ముందేనా?"

"పది రోజుల ముందు." వంటింటి గోడ వైపు గడ్డం చూపించింది. "గాన్నే ఉండె మూటలు. నువ్వు రోజు గా మూటల మీదనే నీ సంచి వెట్టి చాయ్ తాగినవు."

మనిషిని కొట్టినట్టుంటుందంటారే, అలా లేదు. మెట్టు ఉందనుకుని కాలు వేస్తే అక్కడ మెట్టు లేనట్టు ఉంది.

"ఎరికుండి వచ్చినవా నువ్వు? ఎరికుండి, మెడల టేపు ఏసుకొని, గా పిల్లను ముందట నిలవెట్టి కుడత బిడ్డ అన్నవా?"

"మూడుసార్లు రానని చెప్పిన. నువ్వు ఇడిసిపెట్టినవా?"

"జ్వరమన్నవు! చుట్టాలన్నవు! బట్ట కోసిండ్రని ఒక్క మాట అనకపోతివి?"

ఆమె లేచింది. గొంతు పెంచింది. ఐదేళ్లలో నా మీద పెంచడం అదే మొదలు.

"నువ్వు అడిగినవా ఒక్కసారన్న? బట్ట యాడ కోస్తరు, ఎవరు కోస్తరు, నా చేతుల ఏమున్నది అని అడిగినవా? నీకు నీ పాఠం గావాలె. కొలతలు ఇస్త కుట్టు అన్నవు. నేను వాళ్ల తాన కూలికి కుట్టేదాన్ని వదినె, అంగడి నాది గాదు. నీ పిల్లలకు కొలుసుడు రావాలంటివి, వచ్చింది గదా! ఏం పోయింది నీకు?"

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. తగిలిందని ఆమెకు తెలియనివ్వలేదు.

"అందరి సంగతి ఇడిసిపెట్టు. గా ఒక్క పిల్లకు ఎందుకు అన్నవు? రాదు బిడ్డ అంటే అయిపోతుండె."

మళ్లీ మిషను ముందు కూర్చుంది. తర్వాత మెల్లగా అంది.

"మూడో తరగతిల నన్ను బడి మాన్పిచ్చి కండెలు చుట్టవెట్టిండ్రు. గదే బడి, గదే గది. నువ్వు పిలిస్తే పోయిన. పిల్లలు లేసి దండం వెట్టిండ్రు. నువ్వు కుర్చి ఏసినవు. నేను చెప్తుంటే రాసుకుంటుండ్రు వదినె, నేను చెప్పింది రాసుకుంటుండ్రు! గప్పుడు గా పిల్ల కుడతరా అని అడిగితే, కుట్టను, నాకు ఆ అధికారం లేదు అని నా నోటికి ఎట్ల రావాలె?"

ఆమె కళ్లు తుడుచుకుంది. నా చోట మంచి మనిషి ఎవరైనా ఉంటే అక్కడితో మెత్తబడేవారు. నేను మెత్తబడలేదు. ఆమె చెప్పింది నిజమే, ఆ నిజానికి నాకు జాలీ కలిగింది. కానీ తనకు దొరికిన ఆ ఒక్క గంట మర్యాదకు ధర కట్టింది తను కాదు, తొమ్మిదేళ్ల పిల్ల. అదే అన్నాను. ఇంకా చాలా అన్నాను. కత్తెర నోరన్నది కదా, ఆ రోజు పట్టు ఆమె చేతిలో లేదు.

"గా పిల్ల లంగ తెచ్చియ్యి" అంది చివరికి. "ఇంచున్నర మడత వెట్టి కుడత. ఒక్క నిమిషం పని."

"నెల కింద చెయ్యాల్సిన నిమిషం" అని వచ్చేశాను.

అయినా మర్నాడు స్కర్టు అడిగాను, ఇస్తుందేమోనని. ఆ పిల్ల ఇవ్వలేదు. "మా అవ్వ కుట్టింది" అంది. చూశాను. కుడి పక్క లోపలికి మడిచి, మగ్గం మీది పట్టు దారంతో సన్నగా కుట్టింది. నేల నుంచి రెండు పక్కలా అంచు ఒకే ఎత్తులో ఉంది. అవ్వ టేపు పట్టలేదు, నంబరు రాసుకోలేదు. పిల్లను నిలబెట్టి కంటితో చూసి కుట్టింది.

అదే వారం అవ్వ బడి ముందు నుంచి పోతుంటే ఎదురుపోయాను. ఆమె ముఖంలోకి చూస్తూ నిలబడ్డాను.

"నీ తప్పేం లేదు బిడ్డ అని నేనంటనని చూస్తున్నవా?" అంది. "అనను." నెత్తి మీది మూట సర్దుకుని పోయింది.

బస్సు దిగాక ఆ అరుగు మీదికి పోవడం మానేశాను. సాయంత్రం బస్సు వచ్చేదాకా రోడ్డు అవతల వేప చెట్టు కింద నిలబడేదాన్ని. మిషను చప్పుడు వినబడేది. నేను నిలబడగానే ఆగేది, బస్సు వచ్చాక మొదలయ్యేది. మొదట్లో ఆమె రెండుసార్లు గ్లాసులో చాయ్ పోసి అరుగు అంచున పెట్టింది. నేను చూడనట్టు నిలబడ్డాను. మూడోసారి పెట్టలేదు. మొండితనమని నాకు తెలుసు. ఐదేళ్లు నా కడుపులో మాటలన్నీ విన్న మనిషి, ఒక్క మాట తన కడుపులో పెట్టుకుని నా ఎదురుగా కూర్చుని చాయ్ తాగింది. ఆ పది రోజులూ ఏం మాట్లాడుకున్నామో ఇప్పటికీ గుర్తు చేసుకుంటూ ఉంటాను. ఒకరోజు నేను ఆమెకు ఆ పిల్ల సంగతే చెప్పాను. "పాపం" అంది.

పాఠం మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది పిల్లలకు. పరీక్షలో పొడవు లెక్కలు ఒక్కరూ తప్పలేదు. తనిఖీకి వచ్చిన సారు నల్లబల్ల ఎంత పొడవని అడిగితే ముగ్గురు లేచి మూడుసార్లు కొలిచి చెప్పారు. ఆయన నన్ను మెచ్చుకుని రిజిస్టరులో రాసిపోయాడు. ఆ పిల్ల అందరికంటే ముందు చెప్పింది. గదులూ గోడలూ ఏవైనా కొలిచేది. మనుషులను కొలిచేది కాదు.

సంక్రాంతి సెలవులు దాటాక, పిల్లల ఎత్తూ బరువూ రాసి పంపమని కాగితం వచ్చింది. ప్రతి ఏడూ వచ్చేదే. గోడకు గీతలు గీసి ఒక్కొక్కరినీ నిలబెట్టాను. పిల్లలు వచ్చారు, కానీ పోయిన ఏడాదిలా ఒకరినొకరు తోసుకుంటూ రాలేదు. పిలిస్తే వచ్చారు, నిలబడ్డారు, పోయారు. "సున్నా వట్టినవా" అన్నవాడు లేడు. ఎంత వచ్చిందని అడిగినవాడూ లేడు.

ఆ పిల్లను పిలిచాను. లేవలేదు.

"రా. గోడకు నిలవడు. ఒక్క నిమిషం."

"ఏ కాలు మీద నిలవడాలె టీచర్?"

ఆమె గొంతులో కోపం లేదు. తగువుకు రాలేదు. నాతో ఎప్పుడూ తగువుకు వచ్చే పిల్ల, పెద్దవాళ్లతో మాట్లాడినట్టు మర్యాదగా మాట్లాడింది.

"నీకు ఎట్ల వీలైతే గట్ల నిలవడు."

"రాసుకోండ్రి టీచర్, మీకెంత గావాల్నంటే అంత. మల్ల కాగితం మీరే పంపాలె గదా."

తల వంచి నోటు పుస్తకం తెరుచుకుంది.

నేను బలవంతం చేయలేదు. మిగతా పిల్లలవి రాసి, ఆమె పేరు ఎదురుగా గడి ఖాళీగా వదిలి పెద్దసారుకు ఇచ్చాను. నాలుగు రోజులకు మండలం నుంచి ఫోన్ వచ్చింది, ఒక గడి ఖాళీ ఉంది, ఖాళీలు ఉండకూడదు అని. పెద్దసారు పెన్ను మూత తీసి, కిటికీలోంచి ఒకసారి ఆ పిల్ల వైపు చూసి, ఏదో అంకె వేశాడు. ఎంత వేశాడో నేను చూడలేదు.